బరాత్ సెట్టింగులో సువార్త పాట

2022 చలికాలం నాటి సంగతి. అప్పటికి సూర్యాపేటలో నేను సౌండ్ షాపు పెట్టి ఇరవయ్యేళ్లు దాటింది. ఆటో మీద రెండు హారన్లు కట్టి ఊరూరా ప్రచారం తిప్పిన రోజుల నుంచి, పెళ్లి బరాత్‌లో వ్యాను నిండా బాక్సులు పేర్చి గల్లీలు దద్దరిల్లించే రోజుల దాకా అన్నీ చూశాను. నా పేరు సైదులు. సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడలో సౌండ్ పని చేసేవాళ్లను ఎవరిని అడిగినా నేను తెలుసనే అంటారు. ఇది గొప్పకు చెప్పుకోవడం లేదు. ఆ పేరును అడ్డం పెట్టుకునే ఒక అమ్మాయికి అన్యాయం చేశాను కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

ఈ పని తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. స్టేజి మీది మైకులు, గిటార్లు, డ్రమ్ములు అన్నీ వైర్ల మీద మిక్సర్‌కు వస్తాయి. ఒక్కోదానికి ఒక్కో ఫేడర్ ఉంటుంది, అంటే శబ్దం పెంచడానికీ తగ్గించడానికీ పైకీ కిందికీ జరిపే బిళ్ల. మిక్సర్ నుంచి పెద్ద బాక్సులకు పోయే శబ్దమంతా ఈక్యూ అనే పెట్టె గుండా పోతుంది. దాని మీద ముప్పై దాకా చిన్న పుల్లలు వరసగా ఉంటాయి. ఎడమ వైపువి దమ్‌దమ్‌మనే బేస్‌వి, కుడి వైపువి ఘల్లుమనే ట్రెబుల్‌వి, నడుమవి మిడ్‌వి. మనిషి గొంతూ, గిటారూ ఎక్కువగా ఆ నడుమ పుల్లల మీదే బతుకుతాయి. ఇక పాడేవాళ్ల కాళ్ల దగ్గర ఇంకో చిన్న బాక్సు పెడతాం. దాన్ని మానిటర్ అంటాం. దాని దారి వేరు, అది ఈ ఈక్యూ గుండా పోదు. వాళ్ల పాట వాళ్లకు వినబడేది అందులోనే. బయట జనానికి ఏం వినబడుతోందో స్టేజి మీద ఉన్నవాళ్లకు తెలియదు. తెలిసేది ఎదురుగా మిక్సర్ దగ్గర నిలబడ్డ మా బోటి వాళ్లకే.

ఆ రోజుల్లో మా దిక్కు 'లెఫ్ట్ కెనాల్' అని ఒక రాక్ బ్యాండ్ బయల్దేరింది. నలుగురూ సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల పిల్లలే. గిటారు వాయించే నవీన్‌ది మాడుగులపల్లి. పాడే అమ్మాయి సువార్తది నేరేడుచర్ల, అక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరు. కాలువ చివరి పొలానికి నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే రైతు మీద వాళ్లొక పాట కట్టి, కోదాడలో ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేసి ఫోన్లలో వదిలారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పాట లేని షేర్ ఆటో లేదు. నాట్లేసే ఆడవాళ్లు ఒడ్డు మీద ఫోను పెట్టుకుని వినేవాళ్లు. బారసాలకు అదే పాట, కాలేజీ ఫేర్‌వెల్‌కు అదే పాట.

అంత పేరు వచ్చిందో లేదో తిట్టేవాళ్లు కూడా తయారయ్యారు. మా ఊరి ఆర్కెస్ట్రా కీబోర్డు మాస్టారు మూడు గిటార్ కార్డ్స్‌తో ముప్పై పాటలు లాగుతున్నారన్నాడు. చర్చి పెద్దలు మన పిల్ల డ్రమ్ముల ముందు నిలబడి ఎగరడమేమిటన్నారు. చర్చికి పోనివాళ్లేమో ఇవి చర్చి పాటల బాణీలే కదా అన్నారు. ఎక్కడ విన్నా అదే పాట కావడంతో కొందరికి మొహం మొత్తింది. అందులో ఆ పిల్లల తప్పేముంది? పాటను పదే పదే పెట్టింది మనమే.

నా సంగతి వేరు. నాకు ఆ పాట నచ్చింది. నచ్చిందని చెప్పడానికే నామోషీ అనిపించింది. ఆటో డ్రైవర్‌కు నచ్చిందీ, నాటేసే ఆమెకు నచ్చిందీ నాక్కూడా నచ్చితే ఇరవయ్యేళ్ల అనుభవం ఏ గంగలో కలిసినట్టు? సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర సౌండ్ వాళ్లం నలుగురం చేరితే ముందుగా పెదవి విరిచేది నేనే. ఇంటికొచ్చి వైర్లు చుట్టుకుంటూ మాత్రం అదే పాట కూనిరాగం తీసేవాణ్ని. మా ఆవిడ పద్మ ఒకరోజు పట్టుకుంది.

"తిట్టేది నువ్వే, పాడేది నువ్వే. ఏదో ఒకటి చెయ్యరాదు?" అన్నది.

నవ్వి మళ్లీ వైర్లు చుట్టుకోవడంలో పడ్డాను. ఆ రోజే కొంచెం సిగ్గుపడి ఉంటే ఈ కథ ఇక్కడిదాకా వచ్చేది కాదు.

సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఆ బ్యాండ్ ప్రోగ్రాములకు సౌండ్ నాదే. కోదాడలో మాత్రం వెంకటేశ్వర్లు గారని ఒక పెద్దాయన చేసేవారు. విచిత్రమేమిటంటే కోదాడలో జనం వాళ్లను నెత్తిన పెట్టుకునేవాళ్లు. మా సూర్యాపేటలోనేమో ఫోన్లో విని ఉరికొచ్చిన జనం, రెండు పాటలయ్యాక మొహాలు వేలాడేసుకుని వెనక్కి పోయేవాళ్లు. అంతా గోలగా ఉంది, పదం తెలియడం లేదు అనేవాళ్లు. దీనికి మేం కనిపెట్టిన కారణం కోదాడ వాళ్లకు చెవుల్లేవని. చాయ్ దగ్గర అదే చెప్పుకుని నవ్వుకున్నాం. ఒకే బ్యాండ్ రెండు ఊళ్లలో రెండు రకాలుగా ఎలా వినబడుతుందని ఒక్కరమూ అడగలేదు. అడగాల్సిన మొదటివాణ్ని నేను.

ఒక ప్రోగ్రాం అయ్యాక, ఫోన్లలో వీడియోలు పెట్టే లోకల్ ఛానెల్ కుర్రాడొకడు నా మొహం ముందు మైకు పెట్టి, పెద్ద అనుభవం ఉన్నవాళ్లు కదా, ఈ బ్యాండ్ మీద మీ అభిప్రాయమేమిటని అడిగాడు. నన్ను అభిప్రాయం అడిగినవాడు లేడు అప్పటిదాకా. ఉబ్బిపోయాను.

"ఫోన్ల మంచిగుంటరు తమ్మీ. స్టేజి ఎక్కితె ఖతం" అన్నాను.

ఆ ముక్క వాడు కత్తిరించి పెట్టాడు. వారం తిరక్కుండానే నన్ను గుర్తుపట్టని వాళ్లు కూడా నా ముందే ఆ మాట అనడం మొదలుపెట్టారు. నిజం చెప్పొద్దూ, మొదట్లో సంతోషంగానే ఉండింది.

ఆ తర్వాత సూర్యాపేట కాలేజీ గ్రౌండులో ప్రోగ్రాం. అయిపోయి నేను వైర్లు పీకుతుంటే సువార్త ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. బక్కపలచటి పిల్ల, మాట కూడా మెల్లగా ఉంటుంది. ఛానెల్లో నేనన్నది ఆమె విని ఉంటుందని నాకు తెలుసు. దాని ఊసే ఎత్తలేదు.

"సైదులన్నా, ఒక్కటడుగుత, ఉన్నదున్నట్టు చెప్పాలె. నా గొంతు బయటికి ఎట్ల వినబడుతున్నది? మానిటర్ల నాకు మంచిగనే ఉంటది. జనం మాత్రం ఏం పాడుతున్నమో సమజైతలేదంటున్రు."

పాడేవాళ్లు సౌండ్ మనిషిని అడిగే ప్రశ్నల్లో దీనికి మించింది లేదు. జవాబు చెప్పే ముందు నేను నా మిక్సర్‌ను, నా బాక్సులను ఒకసారి చూసుకోవాలి. చూసుకోలేదు. ఆమె ఫేడర్ పైకి నెట్టినప్పుడల్లా బాక్సులు కీచుమని కూత పెట్టేవి, అంతకు మించి పెంచడానికి వీలయ్యేది కాదు. కాబట్టి ఆమె గొంతే సన్నమని ఎప్పుడో తేల్చేసుకున్నాను.

"గొంతుల దమ్ము లేదు బిడ్డా. డ్రమ్ముల మీదికెళ్లి రావాలంటే జోరు గావాలె. గట్టిగ పాడు" అన్నాను.

"గట్టిగంటే ఎంత?"

"ఎంత వస్తె అంత."

తల ఊపి, థాంక్స్ అన్నా అని వెళ్లిపోయింది. నాకు థాంక్స్ చెప్పింది.

ఆమె నా మాట తు.చ. తప్పకుండా పాటించింది. పొద్దున బడిలో పిల్లలకు పాఠాలు, సాయంత్రం ప్రాక్టీసులో అరుపులు. తర్వాతి ప్రోగ్రాముల్లో ఆమె మెడ నరాలు మిక్సర్ దగ్గరికి కనబడేవి. ఇప్పుడు జనం ఇంకో మాట అందుకున్నారు, ఈ పిల్ల పాడటం లేదు, మొత్తుకుంటోంది అని. నేను చాయ్ దగ్గర, ముందే చెప్పాను కదా అన్నాను.

మరుసటి ఎండాకాలం మిర్యాలగూడలో రైస్ మిల్లుల వాళ్ల ఫంక్షన్. పెద్ద జనం. మూడో పాటలో పై స్థాయికి పోయేసరికి సువార్త గొంతు చీలింది. ఒక్క క్షణం గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక నుంచి ఈలలు మొదలయ్యాయి. ఎవరో నా మాటే గట్టిగా అరిచారు, స్టేజి ఎక్కితె ఖతం అని. ఫంక్షన్ పెట్టిన వాళ్లలో ఒకాయన నా దగ్గరికొచ్చి, పరువు పోతోంది, డీజే పాట పెట్టెయ్యమన్నాడు.

నేను ఆమె ఫేడర్‌ను కిందికి లాగేశాను. పాట మధ్యలో. ఆమెను అడగలేదు, నవీన్‌కు సైగ చేయలేదు. మానిటర్‌లో ఆమె గొంతు ఆమెకు వినబడుతూనే ఉంది కాబట్టి, కళ్లు మూసుకుని ఇంకో నాలుగు లైన్లు పాడింది, జనానికి వినబడుతోందనే అనుకుని. ఆ నాలుగు లైన్లూ విన్నవాళ్లు ఎవరూ లేరు. పెదవులు కదలడం మాత్రం చూశారు, చూసి నవ్వారు. అంతలో నేను డీజే పాట వదిలాను. ఆమె కళ్లు తెరిచి నేరుగా నా వైపు చూసింది. జనం లేచి చిందులేశారు. ఫంక్షన్ పెట్టినాయన నా భుజం తట్టాడు. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం మీద ఉన్నట్టే ఉంటుంది.

ఆ ఏడు దసరా ముందు కోదాడ వెంకటేశ్వర్లు గారు ఫోన్ చేశారు. కరెంటు హెచ్చుతగ్గులకు ఆయన మిక్సర్ కాలిపోయిందట, ఒక పూట నా సెట్టు కావాలన్నారు. సౌండ్ వాళ్లలో ఒకరి సామాను ఒకరికి ఇవ్వడం మామూలే. వ్యానులో వేసుకుని నేనే వెళ్లాను. సెట్టు బిగించాక సిస్టం ఎలా పలుకుతోందో చూసుకోవడానికి ప్రతి సౌండ్ మనిషికీ తనకు బాగా తెలిసిన పాట ఒకటి ఉంటుంది. నాది ఒక బరాత్ పాట. వెంకటేశ్వర్లు గారు జేబులోంచి పెన్ డ్రైవ్ తీశారు.

"లెఫ్ట్ కెనాల్ పిల్లలు మా ఊళ్లో పాడినప్పుడు మిక్సర్ నుంచి నేరుగా రికార్డు చేసుకున్నానండీ. ఈ అమ్మాయి గొంతుతోనే నేను సిస్టం చూసుకుంటాను" అన్నారు.

పాట పెట్టారు. నా బాక్సుల్లోంచి సూర్యాపేటలో వినబడే గోలే వచ్చింది. బేస్ దడదడ, డ్రమ్ సెట్టు మీది ఇత్తడి పళ్లేల మోత, వెనకెక్కడో గోడ అవతల నుంచి పాడుతున్నట్టు సువార్త. ఆయన నొసలు చిట్లించి, నడుచుకుంటూ నా ఈక్యూ దగ్గరికి వెళ్లి వంగి చూశారు.

"ఏమండీ సైదులు గారూ, ఈ టేపు దేనికండీ?"

ఈక్యూ పుల్లల మీద అడ్డంగా బ్రౌన్ టేపు అంటించి ఉంది. నేను అంటించిందే. బరాత్‌లో బేస్ గుండెల్లో దిగకపోతే పెళ్లివాళ్లు ఊరుకోరు. అందుకని ఎప్పుడో ఎడమ పుల్లలు, కుడి పుల్లలు బాగా పైకి నెట్టి, నడుమవన్నీ అడుక్కి దించాను. తాగి ఊగే పెళ్లికొడుకు దోస్తులు వచ్చి వాటిని కెలుకుతుంటే కోపమొచ్చి టేపు వేశాను. మీటింగులకు హారన్ల సెట్టు వేరే ఉండేది, బాక్సుల సెట్టు పోయేది ఎక్కువగా బరాత్‌లకే. అలా ఏళ్లు గడిచి టేపు కింద ఏముందో మరిచిపోయాను. బ్యాండ్ వచ్చినప్పుడు అదే సెట్టు, అదే టేపు. ఆమె ఫేడర్ పెంచితే బాక్సులు కూత పెట్టింది కూడా పైకి నెట్టిన ఆ కుడి పుల్లల వల్లే.

ఆయన గోటితో టేపు లేపి, జర్రున పీకి, నడుమ పుల్లలను ఒక్కొక్కటే పైకి తెచ్చారు. తెచ్చిన కొద్దీ సువార్త గోడ ఇవతలికి వచ్చింది. మెల్లగా, ఏ అరుపూ లేకుండా, ప్రతి పదం విడివిడిగా. చివరి పొలానికి నీళ్లు ఇంకా రాలేదని ఆమె నా చెవి పక్కన కూర్చుని చెప్తున్నట్టుంది. డ్రమ్ములు డ్రమ్ముల చోట ఉన్నాయి, ఆమె ఆమె చోట ఉంది. ఆ గొంతుకు దమ్ము లేదని చెప్పిన నోరు నాది.

"ఇది బరాత్‌కి పెట్టుకున్నదండీ. మనిషి గొంతు ఉండే చోటంతా కోసేశారు," అన్నారాయన. నా వైపు తిరిగి, "మిర్యాలగూడలో ఆ పిల్లలకు ఇదే పెట్టారా?" అని అడిగారు.

"లేదండి, అది వేరే సెట్టు" అన్నాను.

ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాణ్ని, దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా అబద్ధమాడాను. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను. మిగతా పుల్లలు సరిచేసుకోవడంలో పడ్డారు.

ఆ పూటే నవీన్ ఆయన్ని కలవడానికి వచ్చి నాకు ఎదురుపడ్డాడు. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు, అదింకా నొప్పేసింది. సువార్త ఎలా ఉందని అడిగాను. గొంతులో కాయల్లాంటివి లేచాయట, అతిగా అరిస్తే వస్తాయన్నాడట డాక్టరు. కొన్ని నెలలు మాట్లాడకుండా ఉండమన్నాడట. పాట మాట దేవుడెరుగు, టీచర్ మాట్లాడకుండా పాఠమెలా చెప్తుంది? దసరా సెలవుల దాకా చూస్తాం, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటామని బడి వాళ్లు చెప్పారట.

పదకొండు రోజులు నేను సువార్త దగ్గరికి వెళ్లలేదు. వ్యాను రిపేరన్నాను, పెళ్లిళ్లన్నాను. చివరికి పద్మకు అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు.

"నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆ పిల్లకు చెప్పు" అన్నది.

నేరేడుచర్లలో బడికి మధ్యాహ్నం వెళ్లాను. కిటికీలోంచి చూస్తే సువార్త బోర్డు మీద పాఠం రాస్తోంది, పిల్లలు బిగ్గరగా చదువుతున్నారు. ఒకడు తప్పు చదివితే ఆమె చాక్‌పీసుతో ఆ పదం మీద రెండుసార్లు కొట్టింది. పీరియడ్ అయ్యాక బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుంది. నేను నిలబడే చెప్పాను. టేపు, బరాత్, నడుమ పుల్లలు, ఛానెల్లో అన్న మాట, మిర్యాలగూడలో లాగిన ఫేడర్, వెంకటేశ్వర్లు గారికి చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. విన్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు. తర్వాత నోట్‌బుక్‌లో రాసి నా వైపు తిప్పింది.

"ఎన్ని ప్రోగ్రాములు?"

"సూర్యాపేటల నాలుగు, మిర్యాలగూడల మూడు. అన్ని అదే సెట్టు" అన్నాను.

మళ్లీ రాసింది.

"పాడేటోళ్లకు బయట వినబడది గద అన్నా. అందుకే నిన్నడిగిన."

కాళ్లు పట్టుకోమన్నా పట్టుకునేవాణ్ని. ఆమె అలాంటిదేమీ అడగలేదు. క్షమించానని రాయలేదు, క్షమించనని రాయలేదు. బెల్ కొట్టారు, నోట్‌బుక్ మూసి క్లాసులోకి వెళ్లింది. నేను హెడ్మాస్టరు గదికి వెళ్లి, ఆమె గొంతు పోవడానికి కారణం నేనని, ఆమె నిర్లక్ష్యం కాదని చెప్పాను. ఆయన వింతగా చూసి, ఆలోచిస్తామన్నాడు. సెలవుల తర్వాత తీసెయ్యలేదు, పేపర్లు దిద్దే పని, చిన్న పిల్లలకు రాత నేర్పే పని ఇచ్చి ఉంచారని తర్వాత తెలిసింది. అది నా మాట వల్ల కాదు, బోర్డు మీద ఆమె రాసే పాఠాలు పిల్లల తల్లిదండ్రులకు నచ్చడం వల్ల.

అదే లోకల్ ఛానెల్ కుర్రాణ్ని పట్టుకుని, తప్పు బ్యాండ్‌ది కాదు, నా సౌండ్‌ది అని చెప్పి వీడియో పెట్టించాను. చూసినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు. తిట్టిన మాట మూడు ఊళ్లు తిరిగింది, తప్పైందన్న మాట మా గల్లీ దాటలేదు. చాయ్ దగ్గర మా వాళ్లకు చెప్తే, నీకేం పట్టింది సైదులూ, వాళ్లు ఎలాగూ అంతంతమాత్రమే కదా అన్నారు. ఇష్టపడకూడదని ముందే తీర్మానించుకున్నవాడికి కారణం ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. నాకూ దొరికింది కదా.

పోయిన చలికాలం కోదాడలో లెఫ్ట్ కెనాల్ మళ్లీ స్టేజి ఎక్కింది. సౌండ్ వెంకటేశ్వర్లు గారిది. నేను టవల్ తలకు చుట్టుకుని జనంలో నిలబడ్డాను, ఆమెకు కనబడకూడదని. సువార్త గొంతు మునుపటిలా లేదు. పై స్థాయికి పోవడం మానేసింది, పాటనే కొంచెం కిందికి దించి పాడుతోంది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాంతో ఆమె పాడుతున్నది మాత్రం ప్రతి అక్షరం వినబడుతోంది. ఆ పాటను స్టేజి ఎదురుగా నిలబడి నేను సరిగ్గా వినడం అదే మొదటిసారి.

నా పక్కన ఒక పడుచు పిల్లగాడు దోస్తుతో అంటున్నాడు, "ఫోన్ల మంచిగుంటరు, స్టేజి ఎక్కితె ఖతం అంటరు గద వీళ్లను."

నాకు ఆగబుద్ధి కాలేదు. వాడి ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"తమ్మీ, ఆ మాట అన్నది నేనే. అది అబద్ధం. తప్పు నా సౌండ్‌ది" అన్నాను.

వాడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"అయితె అయింది గాని అన్నా, జర పక్కకు జరుగు. పాట విననియ్యి."

పక్కకు జరిగాను. వాడు మెడ చాచి స్టేజి వైపు చూస్తూ, పెదవులు కదిలిస్తూ ఆమెతో పాటు పాడుకున్నాడు. సౌండ్ మనిషి చెయ్యాల్సిన పని అదొక్కటే, పాటకూ వినేవాడికీ నడుమ నిలబడకుండా పక్కకు జరగడం. అది నాకు ఇరవయ్యేళ్లు తెలియలేదు. తెలిసేసరికి ఒకరి గొంతు సగం పోయింది.